త్వరణం ఎవరిది?



జహీరాబాద్‌లో హైవే పక్కన హైదరాబాద్ బస్సు ఎక్కి, ముందు సీట్లో కూర్చున్నారనుకోండి. డ్రైవర్ ఎదుట దేవుడి పటానికి వేసిన పూలదండ కొస కిందికి వేలాడుతోంది. బస్సు ఇంకా కదల్లేదు కాబట్టి దండ నిట్టనిలువుగా ఉంది. కండక్టర్ రైట్ అన్నాడు, డ్రైవర్ గేరు వేశాడు, 15 సెకన్లలో బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ 15 సెకన్లూ దండ వెనక్కి వాలి ఉంటుంది. లెక్క కడితే ఆ వాలు 6 డిగ్రీల పైచిలుకు. తరవాత డ్రైవర్ అదే 60 మీద నిలకడగా పోనిస్తే దండ మళ్ళీ నిలువుగా వచ్చేస్తుంది.

ఇప్పుడు కిటికీలన్నీ మూసి, ఇంజిన్ చప్పుడు వినబడకుండా, కుదుపులు తెలియకుండా చేసి, నిలువుగా వేలాడే ఆ దండ ఒక్కదాన్నే చూపించి, బస్సు ఆగి ఉందా లేక 60 మీద పోతోందా అని అడిగితే మీరు చెప్పలేరు. మీరే కాదు, ఎవరూ చెప్పలేరు. దండ చెప్పదు, సీసాలో నీళ్ళు చెప్పవు, చేతి గడియారం చెప్పదు. గెలీలియో 1632లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతినే ఓడ లోపలి గదిని ఉదాహరణగా తీసుకుని వివరించాడు. వేగం అనేది ఒక వస్తువులో దాగి ఉన్న గుణం కాదు, రెండు వస్తువుల మధ్య ఉన్న సంబంధం. నా వేగం ఎంత అని అడిగితే, దేనితో పోల్చి అని ఎదురు అడగాల్సిందే. దీన్నే వేగం సాపేక్షం అంటున్నాం.

మరి త్వరణం సంగతేమిటి? వేగంలో వచ్చే మార్పే త్వరణం. వేగమే సాపేక్షమైతే దాని మార్పు కూడా సాపేక్షమే కావాలి కదా అనిపిస్తుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ ఒక్క ప్రశ్న గురించే. భౌతికశాస్త్రంలో దీని వయసు 300 ఏళ్ళు దాటింది. న్యూటన్ ఒక జవాబు చెప్పాడు, ఎర్న్‌స్ట్ మాఖ్ దాన్ని కాదన్నాడు, ఐన్‌స్టీన్ ఇద్దరి మాటా విని మూడో దారి పట్టాడు. అయినా ప్రశ్న పూర్తిగా సద్దుమణగలేదు.

బస్సు వేగం అందుకుంటున్న ఆ 15 సెకన్ల దగ్గరికే మళ్ళీ వద్దాం. డ్రైవర్ కళ్ళతో చూస్తే, ఆయన కూర్చున్న చోటే ఉన్నాడు. రోడ్డు పక్క టీ కొట్టు, వేపచెట్టు, కిలోమీటరు రాయి అన్నీ వెనక్కి పరుగు అందుకున్నాయి. టీ కొట్టాయన కళ్ళతో చూస్తే కొట్టు ఉన్నచోటే ఉంది, బస్సు పరుగు అందుకుంది. ఇద్దరూ దూరాలు, కాలాలు కొలిచి రాసుకున్నారంటే, ఒకే అంకెలు వస్తాయి, దిక్కు మాత్రం తిరగబడుతుంది. ఇంతవరకు ఇద్దరి మాటకూ సమానమైన బలం ఉంది. కానీ టీ కొట్టు చూరుకు షాంపూ ప్యాకెట్ల సరాలు వేలాడుతున్నాయి. అవి వాలలేదు. బస్సులో దండ వాలింది. ఈ మాట డ్రైవరూ ఒప్పుకుంటాడు, కొట్టాయనా ఒప్పుకుంటాడు, పైన విమానంలో పోతూ దుర్భిణితో చూసేవాడూ ఒప్పుకుంటాడు. ఎవరు ఎవరిని చూస్తున్నారన్న దానితో పనిలేదు. పరుగు అందుకున్నది ఎవరో ఆ దండ చెప్పేసింది.

కనుక వేగం సాపేక్షం, త్వరణం నిరపేక్షం అని రాసేసి పుస్తకం మూసేయవచ్చు. చాలా పాఠాలు అక్కడే ఆగుతాయి. అక్కడ ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఆ వాక్యంలో సగమే నిజం. మిగతా సగం మన అరచేతిలోనే ఉన్నా మనం చూడటం లేదు.

మీ దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంటే అందులో త్వరణాన్ని కొలిచే చిన్న పరికరం ఉంటుంది. ఫోన్ అడ్డం తిప్పగానే తెర అడ్డంగా మారేది దానివల్లే. సన్నటి సిలికాన్ రెక్కల మీద నిలిపిన అతి చిన్న బరువు అది. ఫోన్‌ను ఎటు నెట్టినా ఆ బరువు కొంచెం వెనకబడుతుంది, ఆ వెనకబాటే కొలత. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయంవారు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో ఆ కొలతను అంకెల్లో చూడొచ్చు. ఫోన్‌ను బల్లమీద కదలకుండా పెట్టి చూడండి. కదలని ఫోన్‌కు త్వరణం సున్నా కావాలి. సున్నా రాదు. సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల దగ్గర చూపిస్తుంది. ఇప్పుడు మంచం మీద మందపాటి బొంత పరిచి, మీటరు ఎత్తు నుంచి ఫోన్‌ను దానిమీద వదలండి. గాలిలో ఉన్న ఆ అర సెకను లోపు కాలంలో కొలత దాదాపు సున్నాకు దిగిపోతుంది.

ఒక్కసారి ఆలోచించండి. కదలకుండా ఉన్న ఫోన్ తనకు త్వరణం ఉందంటోంది. వేగం పెంచుకుంటూ కింద పడుతున్న ఫోన్ తనకు త్వరణం లేదంటోంది. పరికరం చెడిపోలేదు. ఏ కంపెనీ ఫోన్ పెట్టినా ఇంతే. మనం బడిలో నేర్చుకున్నది మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు. జహీరాబాద్ దగ్గరి కోహీర్ తోటలో కొమ్మనుంచి జామపండు రాలితే, పండుకు త్వరణం ఉంది, చెట్టుకింద నిలబడ్డ మనకు లేదు అని నేర్చుకున్నాం. కానీ పండుకు ఒక త్వరణమాపిని కట్టి వదిలితే అది సున్నా అంటుంది, మన జేబులోది 9.8 అంటుంది.

అందువల్ల త్వరణం అనే ఒక్క పేరు కింద మనం రెండు వేరువేరు సంగతులను కలిపేశామని ఒప్పుకోవాలి. ఒకటి చూపుకు కనబడేది. నేను ఇక్కడ నిలబడి, పండు ఏ క్షణంలో ఎక్కడుందో కొలిచి, ఆ కొలతలనుంచి లెక్కగట్టేది. ఇది నూటికి నూరుపాళ్ళూ సాపేక్షమే. చూసేవాడు మారితే అదీ మారుతుంది. పండుతోపాటు దూకిన చీమకు ఆ పండు కదలనే లేదు. రెండోది పరికరానికి తగిలేది. ఏదో ఒకటి తనను నెడితే తప్ప ఇది పుట్టదు. దీనికి చూసేవాడితో సంబంధం లేదు. నా ఫోన్ తెరమీద 9.8 అని ఉంటే రైల్లో పోయేవాడు చూసినా, చంద్రుడిమీద నుంచి చూసినా ఆ తెరమీద ఉన్నది 9.8 అనే అంకే. త్వరణం సాపేక్షమా, నిరపేక్షమా అని అడిగినవాళ్ళకు నేను చెప్పేది ఇదే: కనబడే త్వరణం సాపేక్షం, తగిలే త్వరణం నిరపేక్షం. వాదాలన్నీ ఈ రెంటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

ఇది ఫోన్లకూ జామపండ్లకూ పరిమితమైన ముచ్చట కాదు. 2021 జులై 11న గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీ నౌకలో అమెరికాలోని న్యూ మెక్సికో నుంచి ఆకాశానికి వెళ్ళారు. తల్లి విమానం ఆ నౌకను పైదాకా మోసుకుపోయి వదిలింది. అప్పుడు రాకెట్ ఇంజిన్ సుమారు ఒక నిమిషం మండింది. ఆ నిమిషమూ సీటు వాళ్ళ వీపులను బలంగా నెట్టింది. తరవాత ఇంజిన్ ఆగింది. ఆగిన క్షణంలోనే బరువు పోయింది, బెల్టు విప్పితే తేలిపోవడమే. గమనించండి, నౌక అప్పటికి కిందికి దిగడం మొదలుపెట్టలేదు. ధ్వనికంటే సుమారు 3 రెట్ల వేగంతో ఇంకా పైకే పోతోంది. నేలమీద నుంచి చూసేవాళ్ళ లెక్కలో ప్రతి సెకనుకూ దాని వేగం తగ్గుతోంది, అంటే త్వరణం ఉంది. లోపల శిరీషకు తగిలే త్వరణం సున్నా. పైకి పోతున్నంతసేపూ సున్నా, సుమారు 86 కిలోమీటర్ల ఎత్తున గరిష్ఠ స్థానం దగ్గరా సున్నా, కిందికి తిరిగాక గాలి అడ్డుపడేదాకా సున్నా. పడిపోవడం అంటే కిందికి రావడం అని మనకున్న అలవాటు మాట ఇక్కడ పనికిరాదు. ఏదీ నెట్టని స్థితే పడిపోవడం. పైకి పోతూ కూడా పడిపోవచ్చు. శిరీష ఆ ప్రయాణంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవారి మొక్కల ప్రయోగం చేశారు. బరువు తెలియని స్థితిలోకి వెళ్ళేటప్పుడు, అందులోంచి బయటికి వచ్చేటప్పుడు మొక్క ఎలా స్పందిస్తుందో చూడటం దాని ఉద్దేశం. మొక్కకు కూడా తెలిసేది తగిలే త్వరణమే.

ఐన్‌స్టీన్‌కు ఈ ఆలోచన 1907లో వచ్చింది, బెర్న్ నగరంలో పేటెంట్ కార్యాలయంలో పనిచేస్తున్న రోజుల్లో. మిద్దెమీద నుంచి పడుతున్న మనిషికి తన బరువు తెలియదు అన్న ఒక్క గమనింపు నుంచి 8 ఏళ్ళు కష్టపడి 1915 నవంబరులో ఆయన సాధారణ సాపేక్షతా సిద్ధాంతానికి చేరుకున్నాడు. పడే వస్తువులన్నీ ఏ పదార్థంతో చేసినా ఒకేలా పడతాయన్నది దానికి పునాది. ఆ పునాదిని పరీక్షించడానికి ఫ్రాన్సువారు 2016లో మైక్రోస్కోప్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అందులో ప్లాటినం, టైటానియం మిశ్రమ లోహాల బోలు దిమ్మెలు ఒకదానిలో ఒకటి ఇమిడి రెండేళ్ళకు పైగా పడుతూ పోయాయి. 2022లో వచ్చిన తుది ఫలితం ప్రకారం, వాటి త్వరణాన్ని 1 పక్కన 15 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యతో భాగిస్తే, అలాంటి కొద్ది వంతులకు మించి వాటి పడే తీరులో తేడా కనబడలేదు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఇంటర్ చదివే పిల్లలకు ఈ సంగతి చెబితే తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. మా కాళ్ళకింద నేల మమ్మల్ని పైకి నెడుతోంది, కాబట్టి మాకు త్వరణం పైకి ఉంది అంటున్నారు. భూమికి అవతలి వైపు అమెరికావాళ్ళకూ వాళ్ళ పైకే ఉంది. అయితే ఈ పాటికి భూమి ఉబ్బిపోయి ఉండాలి కదా? మంచి ప్రశ్న. దీనికి జవాబు రేఖాగణితంలో ఉంది. జహీరాబాద్ నుంచి ఒకరు, విజయవాడ నుంచి ఒకరు సూటిగా ఉత్తరానికి బయల్దేరారనుకుందాం. మొదట ఇద్దరి మధ్య తూర్పు పడమరల ఎడం సుమారు 320 కిలోమీటర్లు. ఢిల్లీ అంత ఉత్తరానికి చేరేసరికి అది 295కు తగ్గుతుంది. ధ్రువం దగ్గర ఇద్దరూ కలిసిపోతారు. ఎవరూ పక్కకు తిరగలేదు, ఎవరూ ఎవరినీ లాగలేదు. వాళ్ళు నడిచిన నేల వంపు తిరిగి ఉంది, అంతే. దేశకాలాలు కలిసిన విశ్వమూ ఇలాగే వంపు తిరిగి ఉందని ఐన్‌స్టీన్ చెప్పాడు. పడే వస్తువు ఆ వంపులో సూటిదారి పట్టి పోతుంది. నేలమీద నిలబడ్డవాణ్ణి నేల ప్రతి క్షణమూ ఆ సూటిదారినుంచి పక్కకు తప్పిస్తోంది. ఉన్నచోటే ఉండాలంటే నిరంతరం నెట్టించుకుంటూ ఉండాలి. భూమి ఉబ్బనక్కర్లేదు.

ఈ లెక్కలో భూమి తిరుగుళ్ళు రెండింటికీ పెద్ద తేడా ఉంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ దారి వంకర కాబట్టి కనబడే త్వరణం ఉంది. కానీ భూమి సూర్యుడివైపు స్వేచ్ఛగా పడుతూనే ఉంది గనుక, మనకు అది తగలదు. సముద్రపు ఆటుపోట్ల రూపంలో దాని చిన్న అవశేషం మాత్రం మిగులుతుంది. జహీరాబాద్‌కు సముద్రం లేదు గానీ, 1961 నుంచి హైదరాబాద్‌లో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు వాడేలాంటి సున్నితమైన గురుత్వమాపిని ఇక్కడ పెట్టినా, సూర్యచంద్రులవల్ల రోజూ వచ్చే ఆ హెచ్చుతగ్గు నమోదవుతుంది.

భూమి తన చుట్టూ తాను తిరగడం అలా కాదు. ఇది తగులుతుంది. జహీరాబాద్ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఆ తిరుగుడు వల్ల మనం సెకనుకు సుమారు 443 మీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నాం. ఒక క్వింటాలు జొన్నలను స్ప్రింగ్ కాంటాకు వేలాడదీస్తే, భూమి తిరగకపోతే చూపాల్సిన దానికంటే 300 గ్రాములకు పైగా తక్కువ చూపుతుంది. దీనివల్ల రైతుకు నష్టమేమీ లేదు. తూనికలు కొలతల శాఖవారు కాంటాను ఇక్కడే ప్రామాణిక రాళ్ళతో సరిచూస్తారు. రెండు పళ్ళేల తరాజులో అయితే ఆ తేడా అసలే కనబడదు, రాయికీ జొన్నలకూ ఒకే పాళ్ళలో తగ్గుతుంది కాబట్టి. నాకు ఈ తేడా ఎంతో విలువైనదిగా తోస్తుంది. తరాజు రెండు వస్తువులను పోల్చుతుంది. స్ప్రింగ్ కాంటా తనకు తగిలిన నెట్టుడును చెబుతుంది. మబ్బులు కమ్మి సూర్యుడూ చుక్కలూ ఎన్నడూ కనబడని లోకంలో పుట్టినా, ఇలాంటి పరికరాలతో భూమి తిరుగుతోందని మనిషి కనిపెట్టగలిగేవాడు.

1851లో పారిస్‌లో లియాన్ ఫూకో సరిగ్గా ఆ పనే చేశాడు. పాంథియన్ భవనం గుమ్మటం నుంచి పొడవైన తీగకు బరువు కట్టి ఊపాడు. ఊగే దిక్కు గంట గంటకూ జరుగుతూ పోయింది. 2023 మే నెలలో ప్రారంభమైన మన కొత్త పార్లమెంటు భవనంలోనూ అలాంటి లోలకం ఉంది. ఢిల్లీలో దాని ఊగే తలం ఒక పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 50 గంటలు పడుతుంది. జహీరాబాద్‌లో వేలాడదీస్తే 79 గంటలు, అంటే 3 రోజుల 7 గంటలు పడుతుంది. గంటకు నాలుగున్నర డిగ్రీల పైచిలుకు. ఎత్తయిన పైకప్పు ఉన్న ఏ కాలేజీ హాలులోనైనా దీన్ని పెట్టవచ్చు. మన ఊరి అక్షాంశాన్ని ఆకాశం వంక చూడకుండా లెక్కగట్టిన ఘనత పిల్లలకు దక్కుతుంది. అలాంటిది ఒకటి జహీరాబాద్‌లో చూడాలని నా కోరిక.

గడియారాలకు కూడా ఈ తిరుగుడు తెలుసు. 1971లో హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు పరమాణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని ఒకసారి తూర్పుగా, ఒకసారి పడమరగా భూమి చుట్టి వచ్చారు. నేలమీది గడియారంతో పోలిస్తే తూర్పుకు పోయింది 59 నానోసెకన్లు వెనకబడింది, పడమరకు పోయింది 273 నానోసెకన్లు ముందుకు పోయింది. భూమి తిరగడం ఉత్త చూపు సంగతే అయితే తూర్పుకూ పడమరకూ ఇంత తేడా రాకూడదు.

ఐన్‌స్టీన్ అంతా సాపేక్షమే అన్నాడని ఎక్కడపడితే అక్కడ వింటాం. ఆయన అలా అనలేదు. అంతా సాపేక్షమే అయి ఉంటే మన హైదరాబాద్‌లో రీసెర్చ్ సెంటర్ ఇమారత్ చేసే పనే సాధ్యమయ్యేది కాదు. 1988లో అబ్దుల్ కలాం చొరవతో మొదలైన ఆ కేంద్రం క్షిపణులకు దారి చూపే జడత్వ మార్గదర్శక వ్యవస్థలకు పేరుపొందింది. అలాంటి వ్యవస్థ బయటి ప్రపంచాన్ని చూడదు, ఏ ఉపగ్రహం మాటా వినదు. లోపల మూడు దిక్కులకు మూడు త్వరణమాపులు, తిరుగుడు కొలిచే మూడు గైరోలు ఉంటాయి. లేజర్ గైరోలో రెండు కాంతికిరణాలు ఒకే చట్రంలో ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. చట్రం తిరిగితే రెంటికీ తేడా వస్తుంది. ఈ సూత్రాన్ని సాన్యాక్ 1913లోనే చూపాడు. క్షణక్షణమూ తగిలిన త్వరణాన్ని కూడుకుంటూ పోయి, కంప్యూటర్ తానెక్కడుందో చెబుతుంది.

అయితే ఆ కంప్యూటర్‌కు రెండు సంగతులు మనిషే ముందుగా చెప్పాలి. ఒకటి, బయల్దేరే చోటు, అప్పటి వేగం. వేగాన్ని లోపలినుంచి కనిపెట్టలేం కదా, గెలీలియో మాట అక్కడ నేటికీ చెల్లుతోంది. రెండోది, ఎక్కడ ఎంత గురుత్వం ఉందో తెలిపే లెక్క. ఎందుకంటే త్వరణమాపి గురుత్వాన్ని చూడలేదు. ఇంజిన్ ఆరిపోయి వంపు తిరిగి పడుతున్న క్షిపణిలో అది సున్నా చూపుతుంది. ఆ సున్నాను నమ్మి ఊరుకుంటే క్షిపణి సరళరేఖలో పోతోందని కంప్యూటర్ అనుకుంటుంది. కనబడే త్వరణానికీ తగిలే త్వరణానికీ మధ్య తేడాను ఆ ఇంజినీర్లు రోజూ లెక్కల్లో కలుపుతున్నారు. గురుత్వం అనేదే ఆ తేడా.

ఇంతవరకు నిశ్చయంగా చెప్పగలిగాను. ఇక అసలు కఠినమైన చోటికి వస్తున్నాం. తగిలే త్వరణం నిరపేక్షం అన్నాం, బాగుంది. కానీ ఏదీ నెట్టని సూటిదారి ఏదో ఎవరు నిర్ణయించారు? దండకు ఎలా తెలిసింది?

న్యూటన్ 1687లో తన ప్రిన్సిపియాలో ఒక బకెట్ ప్రయోగం రాశాడు. బోరింగు దగ్గర ఎవరైనా చేయవచ్చు. నీళ్ళ బకెట్‌ను తాడుకు వేలాడదీసి, తాడును బాగా మెలిపెట్టి వదలాలి. మొదట బకెట్ తిరుగుతుంది, నీళ్ళు ఇంకా తిరగవు, నీటిమట్టం చదునుగానే ఉంటుంది. కాసేపటికి నీళ్ళు కూడా బకెట్‌తో సమానంగా తిరుగుతాయి, అప్పుడు మట్టం మధ్యలో గుంటపడి అంచుల దగ్గర పైకి లేస్తుంది. బకెట్‌ను పట్టి ఆపితే, నీళ్ళు తిరుగుతున్నంతసేపూ గుంట అలాగే ఉంటుంది. మొదటి దశలో బకెట్‌కూ నీళ్ళకూ మధ్య చలనం ఉంది, గుంట లేదు. రెండో దశలో చలనం లేదు, గుంట ఉంది. కాబట్టి గుంటకు కారణం బకెట్ కాదు. దేనితోనూ పోల్చనక్కర్లేని నిరపేక్ష ఆకాశం ఒకటుంది, దాంతో పోల్చి నీళ్ళు తిరుగుతున్నాయి అన్నాడు న్యూటన్.

సుమారు 200 ఏళ్ళ తరవాత, 1883లో ఆస్ట్రియావాడు మాఖ్ దీన్ని నిలదీశాడు. కనబడని, పట్టుకోలేని ఆకాశాన్ని కారణంగా చెప్పడం విజ్ఞానం కాదన్నాడు. నీళ్ళు తిరుగుతున్నది నక్షత్రాలతో పోలిస్తే. బకెట్ గోడను కొన్ని కోసుల మందం చేసి తిప్పి చూశారా, చూడలేదు కదా, చూడకుండా గోడకు ప్రభావం లేదని ఎలా అంటారు అన్నది ఆయన వాదం. విశ్వంలో ఉన్న పదార్థమంతా కలిసి జడత్వాన్ని ఇస్తోందని దాని సారం. ఇది నిజమైతే తగిలే త్వరణం కూడా చివరికి సాపేక్షమే అవుతుంది, విశ్వమంతటితో పోల్చి.

యౌవనంలో ఐన్‌స్టీన్‌ను ఈ మాట ఎంతగానో పట్టుకుంది. తన సిద్ధాంతం దీన్ని నిరూపిస్తుందని ఆశపడ్డాడు. 1917లో డచ్చి శాస్త్రవేత్త డి సిట్టర్ ఆ సమీకరణాలకే పదార్థమేమీ లేని విశ్వాన్ని జవాబుగా చూపాడు. ఖాళీ విశ్వంలోనూ సూటిదారులు ఉన్నాయి, దండ వాలడం ఉంది. 1954లో, చనిపోవడానికి ఏడాది ముందు, ఒక లేఖలో ఐన్‌స్టీన్ ఇక మాఖ్ సూత్రం ఊసే ఎత్తనక్కర్లేదన్న అర్థంలో రాశాడు.

నాకు మాత్రం మాఖ్ పూర్తిగా ఓడిపోయాడని అనిపించదు. 1918లో లెన్సె, థిరింగ్ ఐన్‌స్టీన్ సిద్ధాంతం నుంచే ఒక సంగతి లెక్కగట్టారు. తిరిగే పెద్ద వస్తువు తన పక్కనున్న సూటిదారులను కొంచెం తనతోపాటు తిప్పుతుంది. మాఖ్ అడిగిన మందపు గోడ ప్రయోగానికి భూమినే గోడగా వాడుకుని, 2004లో గ్రావిటీ ప్రోబ్ బి అనే ఉపగ్రహాన్ని పంపారు. అందులో నున్నటి క్వార్ట్జ్ గోళాలు గైరోలుగా తిరిగాయి. భూమి తిరుగుడు వాటి అక్షాలను ఏడాదికి ఎంత జరుపుతుందంటే, ఒక డిగ్రీ జరగడానికి 90 వేల ఏళ్ళకు పైగా పట్టేంత. 2011లో ఫలితం ప్రకటించారు. కొలతలో పొరపాటు పాలు ఎక్కువే అయినా, లెక్కతో సరిపోయింది. అంటే గోడకు ప్రభావం ఉంది. సూటిదారి ఏదో నిర్ణయించడంలో పదార్థానికి వాటా ఉంది, కానీ మొత్తం అధికారం లేదు. న్యూటన్ ఆకాశం పదార్థానికి చెక్కుచెదరనిది. ఐన్‌స్టీన్ ఆకాశం పదార్థం మాట కొంత వింటుంది, పదార్థమే లేకపోయినా తాను ఉంటుంది. త్వరణం దేనితో పోల్చి అంటే, ఆ చోట ఆ క్షణాన ఉన్న దేశకాలపు వంపుతో పోల్చి. ఇవాళ భౌతికశాస్త్రం ఇవ్వగలిగిన అత్యుత్తమమైన జవాబు ఇది.

మీరు వింటున్న రేడియో దగ్గరే ఇంకొక చిక్కుముడి ఉంది. మన జహీరాబాద్ పక్కనే మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలై, ఊరి మహిళలు నడుపుతున్న సంఘం రేడియోనే తీసుకోండి. 90.4 మెగాహెర్ట్జ్ అంటే అక్కడి స్తంభంలో ఎలక్ట్రాన్లు సెకనుకు 9 కోట్ల 4 లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతున్నాయని అర్థం. నిలకడ వేగంతో పోయే ఎలక్ట్రాన్ తరంగాన్ని పుట్టించదు. త్వరణం ఉన్న ఎలక్ట్రాన్ పుట్టిస్తుంది. ఎంత శక్తి బయటికి పోతుందో జోసెఫ్ లార్మర్ 1897లో సూత్రం రాశాడు. రేడియో అంటేనే త్వరణం.

సరే, మరి తలదువ్విన ప్లాస్టిక్ దువ్వెనను బల్లమీద పెట్టాం. దానికి విద్యుదావేశం ఉంది. ఇందాక చెప్పుకున్న లెక్కలో బల్ల దాన్ని పైకి నెడుతోంది, 9.8 త్వరణం ఉంది. అయితే ఆ దువ్వెన తరంగాలు పంపాలి కదా? పక్కన కూర్చున్న మనకు ఏ తరంగమూ అందదు. 1960లో ఫుల్టన్, రోర్లిక్, 1980లో బౌల్వేర్ దీన్ని లోతుగా పరిశీలించారు. తేలింది ఇది. నిలకడ త్వరణం ఉన్న ఆవేశంతోపాటే, అదే త్వరణంతో పోయేవాడికి ఏ తరంగమూ కనబడదు. స్వేచ్ఛగా పడుతున్నవాడికి కనబడుతుంది. ఆ తరంగం, తోడుగా పోయేవాడికి ఎన్నటికీ కబురు అందని దేశకాల భాగంలో ఉంటుంది. త్వరణం ఉందన్న మాటలో ఇద్దరికీ తగాదా లేదు. తరంగం ఉందా లేదా అన్నదాంట్లోనే ఇద్దరి జవాబులూ వేరు.

1976లో కెనడా శాస్త్రవేత్త విలియం ఉన్రు దీన్ని ఇంకా దూరం తీసుకుపోయాడు. ఏమీ లేని శూన్యంలో త్వరణంతో పోయేవాడి థర్మామీటరు కొంత వేడి చూపుతుందని లెక్కతో తేల్చాడు. స్వేచ్ఛగా పడేవాడు అదే చోట చలి శూన్యాన్నే చూస్తాడు. కణాలు ఉన్నాయా లేవా అన్నదే చూసేవాడిని బట్టి మారిపోయింది. వస్తువు ఉండటం ఖాయమైన సంగతి, దాని చలనం చూపును బట్టి మారే సంగతి అని మనం తరతరాలుగా అనుకున్నాం. ఇక్కడ తగిలే త్వరణం ఖాయంగా నిలబడింది, వస్తువు ఉనికి సాపేక్షమైంది. ఆ వేడి ఒక్క కెల్విన్ కావాలంటే త్వరణం 25 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని మీటర్లు ఉండాలి, సెకనుకు సెకనుకు. అందుకే దాన్ని ఇంతవరకు ఎవరూ నేరుగా కొలవలేదు. శక్తిమంతమైన లేజర్లతో ఎలక్ట్రాన్లను కుదిపి ఆ జాడ పట్టవచ్చని ప్రయోగాలకు ప్రతిపాదనలు మాత్రం వస్తున్నాయి. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మన పిల్లల్లో ఎవరికైనా ఆ కొలత చేసే అవకాశం ఇంకా మిగిలే ఉంది.